సందేహాలు – సమాధానాలు: వాడి చూడటం

సందేహం: మా ఆఫీసులో మెయిలుకీ, సెలవులకీ, జీతం స్లిప్పుకీ ఒకే పాస్‌వర్డ్ సరిపోయేలా ‘సింగిల్ సైన్ ఆన్’ పెడుతున్నారు. దాని యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్‌కి (యూఏటీ – వాడేవాళ్ళే వాడి చూసి సరేననడానికి) రమ్మంటూ వచ్చిన తెలుగు నోటీసులో ‘ఏక సంతక వినియోగదారు అంగీకార పరీక్ష’ అని ఉంది. ఇది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: చదివి బాధ కలిగిందమ్మా. ఇంగ్లీషు ‘సైన్’కి చేవ్రాలుతో చుట్టరికం ఉంటే ఉండవచ్చు. కంప్యూటర్ దగ్గర మాత్రం సైన్ ఆన్ అంటే లోపలికి వెళ్ళడమే. ‘ఒకే లాగిన్’ అంటే అందరికీ తెలుస్తుంది. అసలు సంతకం ఉన్నది చివర్లో, అంతా వాడి ‘బాగుంది’ అని మీరు పెట్టేది. దాన్ని తెచ్చి మొదట్లో అతికించారు.

అంగీకారం మంచి మాటే. నాకు ‘ఒప్పుకోలు’ ఇంకా ఇష్టం, తప్పొప్పుల్లోని ఒప్పు అందులో ఉంది గనక.

ఇక పరీక్ష. అందులో ఉన్నది ఈక్షణం, అన్ని వైపుల నుంచీ చూడటం. మన ‘చూడు’ కంటితో ఆగలేదు. ఉప్పు నాలుకతో చూస్తాం, జ్వరం చేత్తో చూస్తాం, శ్రుతి చెవితో చూస్తాం. ఇంకో క్రియ వెనక చేరిందా, చేసి తెలుసుకోవడమే: తిని చూడు, తొడుక్కుని చూడు, అడిగి చూడు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అన్నాడు వేమన. పోలిక కంటిది, ‘చూడ చూడ’ నాలుకది. రెండుసార్లు ఎందుకన్నాడు? ఒక్క చూపుకి తేలదు గనక.

మీ పనీ అదే. మెయిలులో లాగౌట్ కొట్టి లేవండి. అదే కుర్చీలో పక్క సీటు ఆవిడని కూర్చోబెట్టి జీతం స్లిప్పు తెరవమనండి. మీ పేరూ మీ జీతమూ కనిపించాయా, మెయిలులో కొట్టిన లాగౌట్ జీతం స్లిప్పుదాకా చేరలేదన్నమాట. ఉప్పేదో కర్పూరమేదో తేలిపోయినట్టే. తయారుచేసినవాళ్ళు తమ పరీక్షలు ముందే చేసుకుని ఉంటారు. రోజూ వాడేవాళ్ళ చేతిలో పడ్డాకే బయటపడేవి కొన్ని ఉంటాయి.

‘వినియోగదారు’ని కరెంటు బిల్లుకి వదిలేద్దాం. నేర్పరి, జూదరి లాగా ‘వాడుకరి’ ఉంది, తెలుగు వికీపీడియాలో రోజూ నలుగుతున్న మాట.

‘ఒకే లాగిన్ – వాడుకరులు వాడి చూసి ఒప్పుకోవడం’ అని రాయమంటాను. పొడవైందంటారేమో. ‘వాడిచూపు’ అని కుదిద్దామంటే పదునైన చూపు అయిపోతుంది. పొట్టి మాట దొరికేదాకా మీరంతా ‘యూఏటీ’ అనుకుంటే తప్పనను. ‘ఏక సంతకం’ మాత్రం వద్దు.