కర్రీ పాయింట్‌కి ఫోస్టాక్ సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే చాలా?

చాలదండీ. ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వారి ఫోస్టాక్ సర్టిఫికెట్, అంటే ఆహార భద్రత శిక్షణ పొందినట్టు ఇచ్చే పత్రం, 2 ఏళ్లే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ శిక్షణకు వెళ్లాల్సిందే. 25 మంది పనివాళ్లకు కనీసం ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలన్నది లెక్క. మీ దగ్గర ఆరుగురే ఉన్నారనుకుంటే కాగితం మీద ఒక్కరు సరిపోతారు. నేనైతే ఇద్దరిని పంపుతాను. ఆ ఒక్కడూ సంక్రాంతికి ఊరెళ్లి, తిరిగొచ్చి పక్క హోటల్లో చేరాడనుకోండి, సర్టిఫికెట్ కూడా అతని వెంటే పోతుంది!

అసలు చాలామంది మర్చిపోయేది మెడికల్ ఫిట్‌నెస్. కూరలు తరిగేవాళ్లు, వండేవాళ్లు, ప్యాక్ చేసేవాళ్లు అందరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించి, డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ తీసుకోవాలి. టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకు వేయించిన టీకాల వివరాలూ రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకూడదు. ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకున్నవాడికి పాత గుడ్డపీలిక కట్టి పనిలో పెడితే తప్పే, తడవని ప్లాస్టర్ వేయాలి.

గడువు తేదీలు ఫైల్లో దాచకండి. గోడ క్యాలెండర్ మీద రెండు నెలల ముందు తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. శిక్షణ బ్యాచ్ మీరు అడిగిన రోజే దొరక్కపోవచ్చు.