మోకాళ్ల అరుగుదలకు కీలులో ఇంజెక్షన్ ఎంతవరకు పనిచేస్తుంది?

నర్సంపేట దగ్గరి ఊళ్లో నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లే అరవై ఏళ్ల తల్లికి, షుగర్ కూడా ఉన్నప్పుడు, మోకాలి కీలులో ఇంజెక్షన్ వేయించవచ్చా అని అడిగారు. వేయించవచ్చు, అయితే అది కొన్ని వారాల పాటు నొప్పిని తగ్గిస్తుందే తప్ప అరిగిన మృదులాస్థిని (కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొరను) తిరిగి పెంచదు.

సాధారణంగా ఇచ్చేది స్టెరాయిడ్. కీలు వాచి, నీరు చేరి, నిద్ర పట్టనంత బాధ ఉన్నప్పుడు అది బాగా ఉపయోగపడుతుంది. ఒకే మోకాలికి రెండు ఇంజెక్షన్ల మధ్య కనీసం మూడు నెలల వ్యవధి ఉండాలి. పదేపదే వేయించడం మంచిది కాదని నేను గట్టిగా చెబుతాను: 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 12 వారాలకొకసారి చొప్పున రెండేళ్లు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవారికి, మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే మృదులాస్థి ఎక్కువగా తరిగిపోయింది, నొప్పిలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక అమ్మగారికి ఆ వారమంతా పరీక్ష చేయిస్తూ ఉండండి. మూడు నెలల్లోపు కీలుమార్పిడి ఆపరేషన్ అనుకుంటే, ఇన్ఫెక్షన్ భయం వల్ల, అసలు వేయించకూడదు.

ఖరీదైన పీఆర్‌పీ (రోగి సొంత రక్తం నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) కోసం అప్పు చేయవద్దు. 2021లో ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్షలో అది ఉప్పునీటిని మించి మేలు చేయలేదు.

నొప్పి తగ్గిన రోజుల్లోనే, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించే వ్యాయామం మొదలుపెట్టించండి; తొడ కండరం బలపడితేనే కీలుపై భారం తగ్గుతుంది. ఇంజెక్షన్ తర్వాత మోకాలు ఎర్రబడి జ్వరం వస్తే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.