చైన్ ముట్టుకునే ముందు తాళం జేబులో వేసుకో

చిన్నీకి,

ఇక మీదట బండి సర్వీసింగ్‌కి ఇవ్వనని, ఆయిల్ దగ్గర్నుంచి అన్నీ నువ్వే చూసుకుంటానని అన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి, "మీరైనా చెప్పండి బావగారూ, మీ మాటైతే వింటుంది" అంది. వద్దని చెప్పమని తన ఉద్దేశం. నేను వద్దనను. మన ఇంట్లో పానా పట్టుకుంటానన్న ఆడపిల్లవి నువ్వే మొదలు, నాకు చాలా గర్వంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. ఇదంతా రాస్తే గాని అది తీరేలా లేదు.

ముందు బండితో వచ్చిన పుస్తకం చదువు. ఏ ఆయిల్, ఎంత పొయ్యాలి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి. నా మాటకీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకమే నమ్ము. వారంటీ ఇంకా ఉంటే దాని షరతులు కూడా చూసుకో. టైర్లలో గాలి బండి తియ్యకముందు, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తియ్యి, బిగించేటప్పుడు అది చివర పెట్టు. ఎయిర్ ఫిల్టర్ కాగితందైతే నీళ్ళతో కడగకు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఆయిల్ మార్చడం కష్టమేం కాదు. ఇంజన్ కాసేపు తిప్పి ఆపేస్తే ఆయిల్ పల్చబడి మడ్డితో సహా దిగుతుంది. మరీ చెయ్యి కాలేంత వేడిలో మాత్రం వద్దు. షెడ్డు తలుపు వేసుకుని ఇంజన్ ఆన్ చెయ్యకు, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది. కారుకు పోసే ఆయిల్ మిగిలింది కదా అని బండిలో పొయ్యకు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్ కొన్నిట్లో జారుడు కోసం కలిపే పదార్థాలకు క్లచ్ జారిపోతుంది. ఇలాంటి క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని తెలిపే గుర్తు, జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో, డబ్బా మీద ఉందా చూడు. పాత ఆయిల్ కాలవలో పారబొయ్యకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునేవాళ్ళకు ఇవ్వు.

పాత ఆయిల్ దిగడానికి విప్పే డ్రెయిన్ బోల్టు బిగించేటప్పుడు నీ బలమంతా చూపించకు. చిన్నప్పుడు నువ్వు నీళ్ళ సీసా మూత పెడితే ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. ఇక్కడ ఇనుప బోల్టు అల్యూమినియం కేసింగ్‌లోకి ఎక్కుతుంది, బలం ఎక్కువైతే మరలు పోయేది కేసింగ్‌వే. కొత్త వాషర్ వేసి, ముందు వేళ్ళతోనే ఎక్కించు. సాఫీగా ఎక్కకపోతే విప్పేసి మళ్ళీ మొదలుపెట్టు. చివరి బిగింపుకి టార్క్ రెంచ్ వాడు, ఎంత బలంతో బిగిస్తున్నావో కొలిచి చెప్పే పానా అది. అది నేనే కొనిపెడతాను.

ఇప్పుడు చైన్ సంగతి. ఇది నిదానంగా చదువు.

మీ నాన్న కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు కదా. తలుపు సందులో పడి నలిగిందని మీకు చెప్పాడు. తలుపు కాదు. అసలు సంగతి నీకు రాస్తానంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రాయన్నయ్యా" అన్నాడు.

అప్పటికి వాడికి పెళ్ళి కాలేదు. మా ఇద్దరికీ కలిపి ఒకటే బండి. వానలో తిరిగొచ్చాక చైన్ నిండా మట్టీ ఇసుకా. చేత్తో చక్రం తిప్పుకుంటూ తుడిస్తే ఎప్పటికి అవుతుందని, సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఫస్ట్ గేర్‌లో వదిలేశాడు. చక్రం దానంతటదే తిరుగుతోంది. కిరోసిన్‌లో తడిపిన పాత బనీను గుడ్డని వేలికి చుట్టుకుని కింది చైన్‌కి ఆనించి కూర్చున్నాడు. "చూడన్నయ్యా, రెండు నిమిషాల పని" అన్నాడు. నిజంగానే చైన్ తళతళలాడుతోంది. నేను బకెట్ కోసం అటు తిరిగాను.

ఆ గుడ్డ అంచున దారం ఒకటి వేలాడుతోంది. అది లింకులో పడింది. ఇంజన్ తిప్పుతున్నప్పుడు కింది చైన్ వెనక స్ప్రాకెట్ వైపే, అంటే వెనక చక్రానికున్న పళ్ళ చక్రం వైపే పరిగెడుతుంది. దారం వెంట గుడ్డ, గుడ్డ వెంట వేలు పళ్ళలోకి వెళ్ళిపోయాయి. వదిలేద్దామన్నా చుట్టుకున్న గుడ్డ వదల్లేదు. వాడి అరుపు విని నేను వచ్చి తాళం తిప్పేలోపే అయిపోయింది. ఇంజన్ శబ్దం కూడా మారలేదు చిన్నీ. వేలు అడ్డుపడిన సంగతి దానికి తెలియనే లేదు.

నెమ్మదిగా తిరుగుతోంది కదా అన్న ధీమా వాడిది. ఫస్ట్ గేర్‌లో చక్రం వేగం తక్కువ, తిప్పే బలం ఎక్కువ. ఇద్దరు మనుషుల్ని ఎత్తు మీదికి లాక్కెళ్ళే గేర్ అది. ఎముక దానికి ఏపాటి?

గోరుతో సహా కొస పోయింది. చాన్నాళ్ళు చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అవస్థపడ్డాడు, నలుగురిలో ఉంటే ఆ చెయ్యి జేబులోంచి తీసేవాడు కాదు. నీ చేత అక్షరాలు దిద్దించేటప్పుడు నువ్వు ఆ వేలు పట్టుకుని "నొప్పా నాన్నా" అని ఊదేదానివి. వాడు తెలివితక్కువవాడేం కాదు. బండి గురించి నాకంటే వాడికే బాగా తెలుసు. నా భయమల్లా అదే. నీవీ వాడి చేతులే, అంత చురుకు. ఏ పనైనా చిటికెలో తెమిలిపోవాలి నీకు.

కాబట్టి చైన్ దగ్గరికి వెళ్ళేముందు ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసి జేబులో వేసుకో. బండికే వదిలెయ్యకు. జడ పైకి ముడి వేసుకో, ఉంగరం తీసెయ్యి. గుడ్డ బదులు పొడుగు పిడి ఉన్న బ్రష్ వాడు. చక్రాన్ని చేత్తో, వెనక్కి తిప్పు. అలా తిప్పితే కింది చైన్ వెనక స్ప్రాకెట్ నుంచి దూరంగా జరుగుతుంది, నీ చెయ్యి కూడా కింది చైన్ మధ్యలోనే ఉండాలి. చేత్తోనే కదా అని గిర్రున తిప్పి వదలకు. ఆ బరువు చక్రం ఊపు మీదుంటే అదీ వేలు తెంపగలదు. కాస్త తిప్పు, ఆపు, రుద్దు, మళ్ళీ తిప్పు. ఎంతసేపైనా పట్టనీ.

నీ చైన్‌కి రబ్బరు రింగులుంటే పెట్రోలూ, ఇనుప బ్రష్షూ తగలనివ్వకు. ఆరాక లూబ్ పల్చగా వెయ్యి, టైరు మీదా డిస్క్ మీదా పడకుండా చూడు. కింది చైన్ మధ్యలో పైకీ కిందికీ ఆడే వదులు మామూలు బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, నీ బండికెంతో పుస్తకంలో చూడు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడ లెక్క సరిచెయ్యి. వెనక చక్రం ఇరుసు దగ్గర రెండు పక్కలా ఉన్న గుర్తులు సమానంగా ఉండాలి.

ఇక బ్రేకులు. ప్యాడ్లు ఎంత అరిగాయో, ఫ్లూయిడ్ మట్టం ఎంతుందో నువ్వే చూసుకో. ఫ్లూయిడ్ మార్చడం మాత్రం మొదటిసారి ఒక్కదానివే చెయ్యకు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది కాబట్టి మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు, కానీ మార్చేటప్పుడు లైన్లో గాలి బుడగ ఉండిపోతే లీవర్ నొక్కినా బ్రేక్ పడదు. చుక్క పడితే పెయింటూ పోతుంది. వచ్చే నెల నేను అటు వస్తున్నాను, అప్పటిదాకా ఆగు. మూత తియ్యని కొత్త డబ్బా, గొట్టం నేనే తెస్తాను. నీ బండికి ఏ రకం ఫ్లూయిడో, డాట్ 3నో డాట్ 4ఓ, మూత మీద చూసి నాకు ఫోటో పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న