ఇంగ్లీషు పరోక్ష ప్రశ్నల్లో పదాల వరుస: పిల్లలకు ఇలా చెప్పి చూడండి

మేడమ్, మీ తొమ్మిదో తరగతి పిల్లలు 'కుడ్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద బస్ స్టాండ్?' దగ్గరే ఆగిపోతున్నారని, పరోక్ష ప్రశ్నల (మరో వాక్యంలో ఒదిగిన ప్రశ్నల) రూల్ ఎన్నిసార్లు చెప్పినా మారట్లేదని రాశారు. రూల్ కాసేపు పక్కన పెట్టి తెలుగుతో మొదలుపెట్టండి. 'బస్టాండ్ ఎక్కడుంది?' అనే ప్రశ్న 'బస్టాండ్ ఎక్కడుందో చెప్తారా?' అయినప్పుడు, లోపలి ప్రశ్న చివర 'ఓ' చేరి మామూలు మాటలా ఒదిగిపోతుంది. అడగడమంతా 'చెప్తారా'దే. ఇంగ్లీషులోనూ అంతే: అడిగే పని 'కుడ్ యూ' చేసేసింది కాబట్టి లోపల 'వేర్ ద బస్ స్టాండ్ ఈజ్' అని మామూలు వాక్యం వరుసే రావాలి.

అసలు తంటా 'డజ్'తో. 'వెన్ డజ్ ద ట్రెయిన్ లీవ్?'ను మార్చేటప్పుడు పిల్లలు 'డజ్' తీసేస్తారు, కానీ 'లీవ్'కు 'స్' చేర్చడం మరిచిపోతారు. ఆ 'స్' 'డజ్' లోంచి వచ్చి క్రియకు చేరుతుందని బోర్డు మీద బాణం గీసి చూపించండి. 'డిడ్' అయితే 'లీవ్' కాస్తా 'లెఫ్ట్' అవుతుంది. దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా తప్పులేదు.

అవును, కాదు ప్రశ్నలు తేలిక. 'వచ్చిందో లేదో' అనే చోట 'ఇఫ్' లేదా 'వెదర్' పెట్టి, ఆ తర్వాత మామూలు వాక్యం వరుసే ఉంచితే చాలు.

రాతకన్నా ముందు నోటితో చేయించండి. ఒకరు రైల్వే ఎంక్వయిరీలో కూర్చుంటే మిగతావాళ్లు వరుసగా వచ్చి అడగాలి. నేరుగా అడిగితే కౌంటర్‌లో ఉన్నవాళ్లు జవాబు చెప్పకూడదు.