ఏబీ రక్తమూ, గులాబీ రంగు చంద్రకాంతా ఒకటి కావు

"సహబహిర్గతత్వంలోనూ అసంపూర్ణ బహిర్గతత్వంలోనూ ఏ యుగ్మ వికల్పమూ (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల్లో ఏదీ) పూర్తిగా అణగదు, రెండింట్లోనూ రెండో తరంలో 1:2:1 వస్తుంది, మరి రెండు పేర్లెందుకు?" అని ఒకరు అడిగారు. నీట్ శిక్షణకని అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి మా ఇంట్లో ఉన్న మేనల్లుడూ ఇదే అడిగాడు. "ఎరుపూ తెలుపూ కలిస్తే గులాబీ అయినట్టు, ఏ, బీ కలిసిపోతే ఏబీ. అంతే కదా అత్తా?" అన్నాడు.

నేను ఇక్కడ ఒక రక్తనిధిలో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నాది ఏబీ గ్రూపు. ఒక ఆదివారం మారతహళ్లిలో రక్తదాన శిబిరం ఉంటే వాణ్ణి వెంట తీసుకెళ్లి, నా వేలి రక్తాన్నే స్లైడు మీద రెండు చుక్కలు వేశాను. ఒకదానిలో నీలం రంగు యాంటీ-ఏ ద్రావణం (ఏ రకం కణాలను గుంపు కట్టించేది), మరోదానిలో పసుపు రంగు యాంటీ-బీ ద్రావణం (బీ రకం కణాలను గుంపు కట్టించేది) కలిపి, పుల్లతో తిప్పి, స్లైడును అటూ ఇటూ వంచాను. చూస్తుండగానే రెండు చుక్కలూ విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అయిపోయాయి. ఇక్కడ, సగం విరిగి సగం మామూలుగా లేదనేది ముఖ్యం. నా ఎర్రకణాల్లో కొన్ని ఏ రకం, కొన్ని బీ రకం అయి ఉంటే ప్రతి చుక్కలోనూ కొన్ని గుంపు కట్టి, మిగిలినవి విడిగా తేలుతూ ఉండేవి. అంటే ప్రతి కణం మీదా రెండు యాంటిజెన్లూ (గ్రూపును తెలిపే గుర్తులూ) ఉన్నాయి. ఏ జన్యువు ఇచ్చే ఎంజైము కణం పైనున్న గొలుసుల చివర ఒక చక్కెరను తగిలిస్తుంది, బీ జన్యువు ఇచ్చేది వేరే చక్కెరను తగిలిస్తుంది. ఇద్దరు పనివాళ్లూ తమ పని తాము పూర్తిగా చేస్తున్నారు. సహబహిర్గతత్వం అంటే ఇదే.

చంద్రకాంత పువ్వు సంగతి వేరు. 1900లో మెండెల్ సూత్రాలను మళ్లీ వెలుగులోకి తెచ్చిన ముగ్గురిలో ఒకరైన కార్ల్ కోరెన్స్ ఈ మొక్క మీదా పనిచేశాడు. ఎరుపు యుగ్మ వికల్పం రంగు తయారీకి తోడ్పడుతుంది, తెలుపుది ఆ పని చేయదు. సంకర మొక్కలో పనిచేసే ప్రతి ఒక్కటే ఉంటుంది కాబట్టి రంగు పలచబడి గులాబీ అవుతుంది. ఆ పువ్వులో తెలుపు పదార్థమంటూ వేరే ఏదీ లేదు, ఉన్న ఎరుపే చాలలేదు. అసంపూర్ణ బహిర్గతత్వం అంటే ఇదే. జన్యువులు మాత్రం కలిసిపోవు. గులాబీ మొక్కల్నే పరస్పరం సంకరిస్తే ఎరుపూ తెలుపూ మళ్లీ విడిగా బయటపడతాయి. నిష్పత్తి రెండింట్లోనూ ఒకటే కావడానికి కారణం ఇదే. అందుకే నిష్పత్తి చూసి తేడా పట్టాలనుకోకండి, సంకర జీవిని చూడండి.

మా ఇంట్లోనూ ఈ విడిపోవడం కనిపిస్తుంది. మావారిది ఓ గ్రూపు. పెద్దమ్మాయిది ఏ, చిన్నవాడిది బీ. తల్లి గ్రూపూ తండ్రి గ్రూపూ పిల్లలెవరికీ రాలేదేమిటని మా అత్తగారు చాలా రోజులు బెంగపడ్డారు. నా రెండింటిలో చెరొకటే పిల్లలకు వెళుతుందని కాగితం మీద గీసి చూపించాకే ఆవిడ మనసు కుదుటపడింది. పిల్లలిద్దరిలోనూ తండ్రి ఇచ్చిన ఓ ఉంది, పనిచేసే ఎంజైము ఇవ్వదు కనుక పైకి తెలియదు. అంటే ఏ యుగ్మ వికల్పం బీ పక్కన సహబహిర్గతం, ఓ పక్కన పూర్తి బహిర్గతం.

ఒక్క చోట మాత్రం జాగ్రత్తపడాలి, కొడవలి కణ రక్తహీనత. ఆ జన్యువు ఒక ప్రతి ఉన్నవారి హిమోగ్లోబిన్‌ను ఎలక్ట్రోఫోరెసిస్‌లో (విద్యుత్తుతో ప్రొటీన్లను విడదీసే పరీక్షలో) నడిపితే మామూలు రకమూ, కొడవలి రకమూ రెండు గీతలుగా విడివిడిగా కనిపిస్తాయి, కాబట్టి అది సహబహిర్గతత్వం. ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు వారి కణాలు కొంతమేర వంకర తిరుగుతాయి కనుక, కణం ఆకారాన్ని బట్టి అసంపూర్ణ బహిర్గతత్వమని పుస్తకాలు చెబుతాయి. జబ్బుగా చూస్తే మాత్రం ఒక్క ప్రతి ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, అక్కడది అంతర్గతం, అంటే ఒక్క ప్రతి ఉంటే పైకి తెలియనిది. పరీక్షలో ఈ ఉదాహరణ వస్తే హిమోగ్లోబిన్ గురించి అడిగారా, కణం ఆకారం గురించా, జబ్బు గురించా అన్నది ముందు చదివి, ఆ తర్వాతే జవాబు గుర్తించండి.