కిలోమీటరుకి 9 నిమిషాలు పడితే నేను రన్నర్ని కానా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 46, బరువు 74 కిలోలు, బ్యాంకు ఉద్యోగం. బీపీకి రెండేళ్లుగా టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నాను, షుగర్ లేదు. ఏడాదిన్నరగా బీచ్ రోడ్డులో వారానికి నాలుగు రోజులు, రోజుకి 5 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. కిలోమీటరుకి 9 నిమిషాలు పడుతుంది. ఈమధ్య మా రన్నింగ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "7 నిమిషాలు దాటితే అది జాగింగ్, దాన్ని రన్నింగ్ అనకండి" అని పెట్టాడు, కింద అందరూ నవ్వుతున్న ఇమోజీలు. పంతం పట్టి 7 నిమిషాలకి తెచ్చాను. నాలుగు వారాలకే కుడికాలికి మోకాలి కింద లోపలివైపు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. పరిగెత్తే ముందు ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే తెలియట్లేదు. డిసెంబర్లో 10కె (10 కిలోమీటర్ల పరుగు) కి పేరిచ్చాను, ఇంకా పదకొండు వారాలుంది. అసలు నేను రన్నర్నా, జాగర్నా? వైద్యపరంగా తేడా ఉందా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సలహా: ముందు ఆ పెయిన్ కిల్లర్ ఆపేయండి సర్. రన్నరా జాగరా అన్నది తర్వాత చూద్దాం, అదెక్కడికీ పోదు. కిడ్నీ మాత్రం పోతే కష్టం. మీరు దాని పేరు రాయలేదు కానీ జనం వేసుకునేవి ఎక్కువగా డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ లాంటివే కాబట్టి అదే అనుకుని చెప్తున్నా. కిడ్నీలో రక్తం వడగట్టే చోట లోపలికొచ్చే పైపు ఒకటి, బయటికి పోయే పైపు ఒకటి ఉన్నాయనుకోండి. మీరు వేసుకునే టెల్మిసార్టాన్ ఆ బయటికి పోయే పైపుని కాస్త వదులు చేస్తుంది, మామూలు రోజుల్లో అది మంచిదే. పెయిన్ కిల్లరేమో లోపలికొచ్చే పైపుని బిగిస్తుంది. దానికి తోడు వైజాగ్ ఉక్కపోతలో అరగంట పైన పరిగెత్తి చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట పట్టిందంటే ఒంట్లో నీరు తగ్గి అసలు వచ్చే రక్తమే తగ్గుతుంది. అంటే వచ్చేది తక్కువ, దారి ఇరుకు, పోయే వైపు వదులు, ఇంక వడపోతకి ప్రెషర్ ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే, అంటే యూరిన్ ఎక్కువ పోయేలా చేసే మందు కూడా అందులో కలిపి ఉంటే, ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కుతుంది. పైగా ఈ నొప్పి మాత్రలు బీపీని కూడా పెంచుతాయి. ఇప్పటిదాకా ఎన్ని వేశారో లెక్కేసుకుని, ఓసారి కిడ్నీ ఎలా ఉందో తెలిపే రక్తపరీక్షలు, క్రియాటినిన్, పొటాషియం చేయించండి, ఖర్చేం పెద్దగా కాదు.

ఇక కాలు. మీరు చెప్పినదాన్ని బట్టి షిన్ స్ప్లింట్స్ (పరుగు ఒత్తిడికి మోకాలి కింది ఎముక వెంబడి వచ్చే నొప్పి) అనిపిస్తోంది, చూడకుండా ఖాయం చేయలేను. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంబడి పైనుంచి కిందకి నొక్కుకుంటూ రండి. ఒక జానెడు పొడవునా అంతా సలుపుగా ఉంటే అది షిన్ స్ప్లింట్స్ బాపతు. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట నొక్కితే మాత్రమే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే ఆ చోటే పొడిచినట్టున్నా, ఎముకలో సన్నటి పగులు ఉందేమో అని అనుమానించాలి. ఎక్స్‌రేలో మొదటి రెండు మూడు వారాలు అది కనపడకపోవచ్చు, "ఎక్స్‌రే నార్మల్ సార్" అని జనం మళ్లీ బూట్లు కట్టేస్తారు. అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయించాల్సిందే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నిజం చెప్పాలంటే మన ఊళ్లలో ఈ గొడవే లేదు. మీరు గంటకి పదిహేను కిలోమీటర్లు పరిగెత్తొచ్చినా ఎదురింటాయన "ఏం సార్, వాకింగేనా?" అనే అడుగుతాడు. అది వాకింగ్ ట్రాక్, అవి వాకింగ్ షూస్, వాళ్లు వాకింగ్ బ్యాచ్. మా అమ్మకి జాగర్ అంటే శివరాత్రికి జాగారం చేసేవాడు అంతే. చేతికి వాచీ వచ్చి, వాచీలోంచి యాప్ వచ్చి, యాప్‌లోంచి పక్కవాడి టైమింగ్ మన ఫోన్‌లోకి వచ్చాక ఈ కులాలు మొదలయ్యాయి.

వైద్యపరంగా గీత ఉందా అంటే, నడకకీ పరుగుకీ మధ్య ఉంది. నడకలో ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉంటుంది, పరుగులో రెండు పాదాలూ గాల్లో ఉండే క్షణం ఒకటి వస్తుంది. స్పీడుతో దానికి పెద్దగా సంబంధం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల 20 కిలోమీటర్ల రేస్ వాక్ గెలిచినాయన టైమ్ 1 గంట 18 నిమిషాల 55 సెకన్లు, అంటే ఆయన "నడుస్తూ" కిలోమీటరుని 4 నిమిషాల లోపు కొట్టాడు. మీ గ్రూపులో గొప్ప రన్నర్లందర్నీ నడుచుకుంటూ దాటేసిపోతాడన్నమాట. పరుగుకీ జాగింగ్‌కీ మధ్య మాత్రం శరీరంలో ఏ స్విచ్చూ లేదు, ఎవరో ఒక నెంబర్ పెట్టుకున్నారు. ఎక్కువమంది వాడేది గంటకి 6 మైళ్లు, అంటే సుమారు 9.7 కిలోమీటర్లు, కిలోమీటరుకి 6 నిమిషాల 13 సెకన్లు. ఆ లెక్కన 7 నిమిషాల మీ పెద్దమనిషి కూడా జాగరే. ఈ ముక్క గ్రూపులో పెట్టకండి, నాకు అనవసరంగా శత్రువులు.

ఆ జాగింగ్ అన్న మాట ఇంత ప్రచారంలోకి వచ్చింది కూడా గుండె జబ్బులోళ్ల దగ్గర్నించే. 1960ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ నడివయసు వాళ్లనీ, గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లనీ పోగేసి మెల్లగా పరిగెత్తించేవాడు. అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అని ఇంకో పెద్ద కోచ్, తర్వాత నైకీ పెట్టినవాళ్లలో ఒకడు, చూడ్డానికొచ్చి వాళ్లతో కలిసి పరిగెత్తి, మధ్యలో ఆయాసం వచ్చి వెనకబడిపోయాడు. గుండెపోటు వచ్చి తట్టుకున్న డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన తోడుగా ఉండి మెల్లగా తీసుకొచ్చాడట. బోవర్‌మన్ ఊరెళ్లి ఒక కార్డియాలజిస్టుని కలుపుకుని ఈ జాగింగ్‌ని అమెరికా అంతా అంటించాడు. కాబట్టి ఎవరైనా జాగర్ అంటే చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు.

మరి మెల్లగా పరిగెడితే లాభం ఉందా? ఉంది, బాగానే ఉంది. డాలస్‌లో 55,137 మందిని సగటున ఓ పదిహేనేళ్లు గమనించి 2014లో వేసిన స్టడీలో, పరిగెత్తేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే రిస్క్ పరిగెత్తని వాళ్లకంటే 45 శాతం తక్కువ వచ్చింది. గంటకి 6 మైళ్ల లోపు పరిగెత్తేవాళ్లకీ, రోజుకి 5-10 నిమిషాలే పరిగెత్తేవాళ్లకీ కూడా లాభం స్పష్టంగా కనపడింది. (పరిగెత్తేవాళ్లు మామూలుగానే కాస్త ఆరోగ్యవంతులై ఉంటారు, అంతా పరుగు మహిమే అనుకోకూడదు, అది వేరే మాట.) కేలరీలు కూడా అంతే, కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ, మీరు 10 కిలోమీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తినా 740 చిల్లర ఖర్చవుతుంది. జపాన్‌లో ఫుకుఓకా యూనివర్సిటీ ప్రొఫెసర్ హిరోఆకి తనాకా అయితే నవ్వుతూ మాట్లాడుకుంటూ వెళ్లగలిగే స్పీడే సరైన స్పీడు అని చిన్న చిన్న అడుగులతో గునగునా పరిగెత్తడం జనానికి నేర్పించాడు.

అయితే పేరుతో నాకు పనే లేదా అంటే ఉంది, కానీ మీ గ్రూపు వాళ్లు అనుకునే కారణానికి కాదు. ఒక చిన్న లెక్క చూడండి. 10కె ని 40 నిమిషాల్లో కొట్టే కుర్రాడు నిమిషానికి 180 అడుగులు వేస్తే మొత్తం 7,200 అడుగులు. మీరు 90 నిమిషాల్లో, నిమిషానికి 160 వేసినా 14,400. సరిగ్గా రెట్టింపు. వాడి ఒక్కో అడుగు దెబ్బ గట్టిది, ఒప్పుకుంటా, కానీ మీ ప్రతి అడుగులోనూ మీ బరువుకి రెండింతలో ఎంతో కాలి మీద పడుతూనే ఉంది, అదీ పద్నాలుగు వేల సార్లు, అదీ వాడు ఫినిష్ చేసి నీడలో కూర్చుని అరటిపండు తింటున్న టైమ్‌లో కూడా మీరింకా ఎండలో ఉన్నారు. ఎండ ఎక్కువ, చెమట ఎక్కువ, చర్మం ఒరిపిడి ఎక్కువ. మారథాన్ లాంటి పెద్ద దూరాల్లో అతిగా నీళ్లు తాగి రక్తంలో సోడియం పడిపోయేది కూడా ఎక్కువగా ఈ నాలుగు గంటలు దాటే మెల్లటి వాళ్లకే. కాబట్టి మెల్లగా పరిగెత్తేవాడికి రన్నర్‌కి చెప్పే జాగ్రత్తలన్నీ చెప్పాలి, కొన్ని ఇంకాస్త గట్టిగానే చెప్పాలి.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు, తప్పు చేసి నేర్చుకున్నా. కొన్నేళ్ల కింద ఒక టీచరమ్మ, 52 ఏళ్లుంటాయి, పాదం పైభాగంలో నొప్పి అని వచ్చారు. ఎక్సర్‌సైజ్ ఏం చేస్తారమ్మా అంటే "అబ్బే, ఏదో కొంచెం జాగింగ్ అండీ, వాకింగ్ లాంటిదే" అన్నారు. నేను కేస్ షీట్‌లో వాకింగ్ అని రాసుకుని చెప్పులు మార్చమని, వేడినీళ్లలో పెట్టుకోమని పంపించా. మూడు వారాలకి కుంటుకుంటూ వచ్చారు. ఈసారి కూర్చోబెట్టి అడిగితే వారానికి ఆరు రోజులు, రోజుకి 5 కిలోమీటర్లు, కిలోమీటరుకి పది నిమిషాలట. వారానికి ముప్పై కిలోమీటర్లు! రెండో వేలి వెనక ఎముకలో పగులు, విటమిన్ డి అడుగంటింది, పీరియడ్స్ ఆగిపోయి రెండేళ్లు. ఆవిడకి తన పరుగుని పరుగు అని చెప్పుకోడానికి మొహమాటం, నాకు అడగడానికి బద్ధకం. అప్పట్నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా నేను మూడే అడుగుతా: వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు, రెండు కాళ్లూ గాల్లో లేస్తాయా. లేస్తే రన్నింగ్ అనే రాస్తా.

కాబట్టి మీరు డాక్టర్ దగ్గర రన్నర్ అనే చెప్పండి, బయట మీ ఇష్టం. పేరు కోసం స్పీడు పెంచారు చూశారా, అక్కడే తేడా కొట్టింది. నవ్వట్లేదు సర్, నేనూ పులిని చూసి నక్క వాత పెట్టుకున్న బాపతే, నా పేస్ కిలోమీటరుకి 8 నిమిషాల 40 సెకన్లు, ఒక ఏడాది మా జూనియర్ డాక్టర్ల వెనకాల పడి పిక్క పట్టేసి కాళీ మాత గుడి దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోతే కొబ్బరి బొండాల అబ్బాయి ఆటో పిలిచాడు. 9 నుంచి 7 నిమిషాలకి నాలుగు వారాల్లో రావడమంటే స్పీడు దాదాపు 30 శాతం పెంచినట్టు. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి, ఎముకకి నెలలు కావాలి.

ఏం చేయాలంటే, రెండు వారాలు పరుగు బంద్. నొప్పి లేకుండా నడవగలిగినంత నడవండి, సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఇంకా మంచిది. సాయంత్రం పావుగంట ఐస్ గుడ్డలో చుట్టి పెట్టండి. మెట్టు అంచున నిలబడి మడమలు పైకి లేపి మెల్లగా దించడం, 15 చొప్పున మూడు సార్లు, నొప్పి పెట్టనంత వరకు రోజూ, పళ్లు తోముకునేటప్పుడు కూడా చేయొచ్చు. మీ బూట్లు ఏడాదిన్నరవే అయితే వారానికి 20 లెక్కన 1,500 కిలోమీటర్లు దాటేశాయి, మామూలుగా 500 నుంచి 800 వరకే వాటి ఆయుష్షు, పైన కొత్తగా కనపడినా లోపలి మెత్త చచ్చిపోయి ఉంటుంది. మెత్తగా ఉంటుంది కదా అని బీచ్‌లో పొడి ఇసుకలోకి మాత్రం దిగకండి, పిక్కకి ఇంకా చాకిరీ.

రెండు వారాల తర్వాత ఒంటికాలి మీద పదిసార్లు గెంతి చూడండి. నొప్పి లేకపోతే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట, రోజు విడిచి రోజు. పేస్ మళ్లీ 9 నిమిషాలే, తొమ్మిదిన్నరైనా నాకు అభ్యంతరం లేదు. పక్కవాడితో ఒక వాక్యం తెంపకుండా పూర్తిగా చెప్పగలగాలి, అదే కొలత. వాచీ చూపించే హార్ట్ రేట్ జోన్లు, గుండె నిమిషానికి అత్యధికంగా ఎంత కొట్టుకోగలదో 220 లోంచి వయసు తీసేసి వేసిన అంచనా మీద నడుస్తాయి, మీకు 174 అని చూపిస్తుంది, అందులో పది అటూ ఇటూ మామూలే. టెల్మిసార్టాన్ గుండె వేగాన్ని తగ్గించదు కాబట్టి మీకు పర్లేదు, కానీ గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు వాడేవాళ్లు ఆ జోన్లని అసలు నమ్మకండి. బీపీ మాత్ర రేసు కోసం మీ అంతట మీరు ఆపొద్దు, ఆ రోజు పొద్దున వేసుకోవాలా తర్వాతా అన్నది మీ డాక్టర్‌ని అడగండి, 46 ఏళ్లు, బీపీ ఉంది కాబట్టి అదే విజిట్‌లో ఈసీజీ, ఆయన కావాలంటే ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా అయిపోతాయి. పరిగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, దవడ లాగడం, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే ఆగిపోయి ఆ రోజే చూపించుకోవాలి, టైమింగ్ సేవ్ చేసుకునే దాకా కాదు.

పదకొండు వారాల్లో ఈ పద్ధతిలో 10కె పూర్తి చేయొచ్చు, మధ్యలో నడిచినా ఎవరూ పతకం లాక్కోరు. డిసెంబర్ దగ్గరకొచ్చేసరికి ఆ ఒంటికాలి గెంతు ఇంకా నొప్పిగానే ఉంటే మాత్రం వెళ్లి బిబ్ (చొక్కాకి తగిలించుకునే రేసు నెంబర్), టీషర్ట్ తెచ్చుకోండి, రేసు రోజు రోడ్డు పక్కన నిలబడి మీ గ్రూపు వాళ్లకి చప్పట్లు కొట్టండి. కట్టిన ఫీజు పోతే పోయింది.