నెల్లూరు మీద సినిమా తీస్తానంటున్న మేనకోడలికి

బుజ్జీ,

ఉద్యోగానికి సెలవు పెట్టి నెల్లూరు మీద సినిమా తీయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడ్చినంత పని చేసింది. "నువ్వన్నా చెప్పన్నా, నీ మాటైతే వింటుంది" అంది. సరేనన్నాను. తర్వాత ఈ సంగతి మీ అత్తయ్యతో చెప్పి, కాసేపటికి పాలవాడితో కూడా గొప్పగా చెప్పుకున్నానట. అందుకే ఆపమని రాయడం లేదు. మెసేజీ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు కాబట్టి ఈ ఉత్తరం.

కథ మొత్తం కాగితం మీద పెట్టాకే కెమెరా అద్దెకు తీసుకో. ఖర్చు ఏ రోజుది ఆ రోజే రాసుకో. పనిచేసేవాళ్లకు వేళకు అన్నం పెట్టు. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. బ్యాంకులో బంగారం లోన్ల సీటులో కూర్చున్నవాణ్ణి, వేలం నోటీసు అందుకున్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకొకటి, పెన్నలో దిగొద్దు. ఇసుక తోడిన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతనుకున్నచోట మనిషి మునిగిపోతాడు. రంగనాయకుల గుడి గోపురం నీళ్లలో నిలబడి తీస్తే బ్రహ్మాండంగా వస్తుందని కెమెరా అబ్బాయి అంటాడు. అననీ. గట్టు మీద నుంచే తీయండి. 2021 నవంబరులో ఆ నది ఎలా వచ్చిందో చూశావుగా. పైగా నీకు ఈత రాదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణనుకున్నా ఫరవాలేదు.

'మిడిల్ క్లాస్ మెలొడీస్' చూశావా? చూసి ఉంటే ఇంకోసారి చూడు. నువ్వు పుట్టకముందు మేం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుండేవాళ్లం. ఇప్పటికీ ఆ ఊరి మీద మనసు పోతే నేను పెట్టుకునేది ఆ సినిమానే. 2020 నవంబరులో, కరోనా రోజుల్లో, హాలుకు రాకుండా నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. టికెట్ చింపినవాడు లేడు, ఈల వేసినవాడు లేడు. చూసినవాళ్లు బాగుందన్నారు, మరుసటి వారం ఇంకోటి చూసుకున్నారు. దానికి రావలసిన పేరు రాలేదనే నా బాధ.

కథేముంది? కొలకలూరులో తండ్రికి చిన్న హోటల్. బొంబాయి చట్నీ బ్రహ్మాండంగా చేసే కొడుక్కి గుంటూరులో హోటల్ పెట్టాలని పట్టు. గుంటూరు అనగానే కారం, కత్తులు అనుకునే సినిమావాళ్ల మధ్య దర్శకుడు వినోద్ అనంతోజు ఇంత చిన్న సంగతి పట్టుకుని కూర్చున్నాడు. గోపరాజు రమణ తండ్రి వేషంలో కొడుకుని తిడుతుంటాడు చూడు, ఆ తిట్టు ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలైందో కనిపెట్టలేం. పంట లోన్ కోసం మా బ్యాంకుకు వచ్చే పెద్దమనుషులు కొడుకుల్ని పక్కన నిలబెట్టుకుని అచ్చం అలాగే తిట్టేవాళ్లు. ఆ సినిమాలో మనుషులు తమ పనిలో ఉంటారు, ఊరు వాళ్ల వెనక తన పని తాను చేసుకుంటుంది. 'ఇదిగో గుంటూరు, చూడండి' అని ఎవరూ వేలు పెట్టి చూపించరు.

మరి నువ్వేం చేశావు? నీ లిస్టు మీ అమ్మ నాకు పంపింది. రంగనాయకుల గుడి, రొట్టెల పండగ, చేపల పులుసు, డ్రోన్‌తో కొత్త బ్యారేజీ. ఇది సినిమానా, టూరిజం శాఖ క్యాలెండరా? చేపల పులుసు వద్దనను. కానీ నెల్లూరులో దాన్ని చూసి ఎవరు ఆశ్చర్యపోతారు? మర్నాటికి బాగుంటుందని దాచిపెడితే, పొద్దున్నే గిన్నె మూత ఎవరు తీశారని మనింట్లో జరిగే రచ్చ తీయి. వానకు రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి, స్కూటర్ తోసుకుంటూ ఎవరెవర్నో తిట్టుకునే మనిషిని తీయి. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లు ఉద్యోగానికో, బిడ్డకో, పెళ్లికో మొక్కుకుని వచ్చినవాళ్లు. వాళ్ల మొహం మీద కెమెరా పెట్టేముందు ఒక మాట అడుగు.

ఇక అసలు సంగతి. వీడియో క్యాసెట్ల రోజుల్లో మూలాపేటలో నా స్నేహితుడొకడు పెళ్లి వీడియోలు తీసేవాడు. వాడూ నీలాగే మన ఊరి మీద సినిమా అన్నాడు. తల్లి వేషానికి వాళ్లమ్మనే పెట్టాడు. ఆవిడ గొంతు వీధి చివరికి వినపడేది. "ఏందిరా అబ్బయ్యా, ఈ ఎండలో యాడికి పోతుండావు?" అని ఆవిడ అంటే, మమ్మల్నే అడిగిందేమోనని కెమెరా వెనకున్న మేం సర్దుకుని నిలబడేవాళ్లం. చిన్నబజారులో తీస్తే పూలవాళ్ల కేకలు, సైకిల్ బెల్లులు, ఇంట్లో తీస్తే పక్కింటి కుక్కర్, అన్నీ టేపులో పడ్డాయి. వాడికదంతా చెత్త అనిపించింది. మద్రాసు తీసుకెళ్లి మొత్తం డబ్బింగ్ చెప్పించాడు. అక్కడి ఆవిడ చక్కగానే చెప్పింది, "ఏమిటి నాయనా, ఇంత ఎండలో ఎక్కడికి వెళుతున్నావు?" అని.

ఊళ్లో వేస్తే జనం చప్పట్లు కొట్టారు. వాళ్లమ్మ మాత్రం "నా మూతి కదలతా ఉండాది, మాట్లాడేది ఎవుర్రా?" అంది. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. టేపులు ఖరీదు కదా, తీసిన అసలు టేపుల మీదే తర్వాత ఎవరివో పెళ్లిళ్లు రికార్డు చేసేశాడు. ఆవిడ పోయాక చూసుకుంటే ఇంట్లో ఫోటోలున్నాయి, సినిమాలో నడిచే మనిషి ఉంది, గొంతు లేదు. ఆ క్యాసెట్ సౌండ్ తీసేసి చూసేవాడు. ఒకసారి నా ఎదురుగానే, తెర మీద ఆవిడ పెదాలు కదిలేకొద్దీ ఆ మాటలు తనే అనడం మొదలుపెట్టాడు. నేను లేచి బయటికొచ్చేశాను.

కాబట్టి తల్లీ, కెమెరా అద్దెలో తగ్గించుకో, మైకులో తగ్గించకు. సీను అయ్యాక అందరినీ ఒక నిమిషం కదలకుండా నిలబెట్టి, అక్కడి చప్పుడు విడిగా పట్టుకో. తీసిందంతా రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి మా బీరువాలో పెట్టు. తాళం మీ అత్తయ్య దగ్గరుంటుంది, నా మతిమరుపుతో టెన్షన్ పడక్కర్లేదు.

మన యాసను నవ్వుల కోసం వాడొద్దు. పాత సినిమాల హాస్యనటుడు రమణారెడ్డి గారు నెల్లూరు జిల్లావారు, ఆ మాట ఆయన సొంతం, అందుకే చెల్లింది. అరువు తెచ్చుకున్నవాడు అంటే అది వెక్కిరింపే. 'పోతుండా, వస్తుండా' అనేవాళ్లంతా నీ సినిమాలో ఆటోవాళ్లూ పనిమనుషులేనా? ఆఫీసర్లతో కూడా అనిపించు. రిటైరయ్యేదాకా నేను మేనేజర్ సీట్లో కూర్చుని అట్టాగే మాట్లాడాను.

అమ్మమ్మ వేషానికి మీ అత్తయ్యను అడగాలనుకుంటున్నావట. మొదట కాదంటుంది, ఊరుకోకు, మళ్లీ అడుగు. ఇప్పటికే పట్టుచీరలు రెండు బయటకు తీసి పెట్టుకుంది. ఆదివారం కథ పట్టుకుని భోజనానికి రా. ఆ కెమెరా అబ్బాయిని కూడా వెంటబెట్టుకు రా, పెన్న సంగతి నేను వాడితోనే మాట్లాడాలి.

మీ మామయ్య